లాస్ ఏంజెలెస్ అయిదో నంబరు చానెల్

1947 జనవరి 22, బుధవారం. రాత్రి ఎనిమిదిన్నర. హాలీవుడ్‌లో పారమౌంట్ సినిమా స్టూడియో ఆవరణలో ఒకప్పుడు కార్లు పెట్టుకునే గ్యారేజీ. దాన్నే ఊడ్చి, సర్ది, దీపాలు కట్టి, కెమెరాలు నిలబెట్టారు. హాస్యనటుడు బాబ్ హోప్ వ్యాఖ్యాత. దర్శకుడు సెసిల్ బి. డిమిల్ వచ్చాడు, తార డొరొతీ లమూర్ వచ్చింది. ఓ కార్ల డీలరు ఖర్చు భరించాడు. ఇంత హంగామా చేసి ప్రసారం మొదలుపెడితే, దాన్ని చూడటానికి ఆ మహానగరం మొత్తం మీద ఉన్న టీవీ సెట్లు 350 దాకా. మన పల్లెల్లో ఓ మోస్తరు పెళ్లికి వచ్చే జనం అంతకంటే ఎక్కువే ఉంటారు.

ఆ స్టేషను పేరు కె.టి.ఎల్.ఎ. చానెల్ నంబరు అయిదు. మిసిసిపీ నదికి పడమటి వైపున అమెరికాలో వాణిజ్య ప్రసారాలు మొదలుపెట్టిన తొలి టీవీ స్టేషను అదే. రెండో స్థానం సెయింట్ లూయిస్‌లోని కె.ఎస్.డి.ది. అది ఫిబ్రవరి 8న గాలిలోకి వచ్చింది. అంటే పదిహేడు రోజుల తేడాతో వచ్చిన రికార్డు ఇది. తర్వాత ఈ స్టేషను ఖాతాలో పడ్డవాటితో పోలిస్తే ఈ మొదటి రికార్డు చాలా చిన్నది. ప్రత్యక్ష ప్రసారం అని ఇవాళ మనం దేన్ని అంటున్నామో, పొద్దస్తమానం ఇంట్లో టీవీ పెట్టుకుని దేన్ని చూస్తున్నామో, అందులో చాలా భాగం ఈ ఊరి చానెల్లోనే పురుడు పోసుకుంది. ఆ సంగతి అమెరికాలోనే చాలామందికి గుర్తులేదు. గుర్తుండాలని నాకు గట్టిగా ఉంది, అందుకే ఈ కబుర్లు.

కొండ మీద ఇంజనీరు

స్టేషను వెనకున్న మనిషి క్లాస్ లాండ్స్‌బర్గ్. 1916లో బెర్లిన్‌లో పుట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌ని టీవీలో చూపించిన సాంకేతిక బృందంలో కుర్ర ఇంజనీరుగా పనిచేశాడు. 1938లో నాజీల జర్మనీని వదిలి అమెరికా చేరాడు. న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో టీవీ పనులు చూశాడు. 1941లో పారమౌంట్ సంస్థ అతన్ని లాస్ ఏంజెలెస్ పంపింది. మరుసటి ఏడాదే డబ్ల్యూ6ఎక్స్‌వైజడ్ అనే ప్రయోగాత్మక స్టేషను నడపడం మొదలుపెట్టాడు. అదే ముదిరి కె.టి.ఎల్.ఎ. అయింది.

ఊరికి ఉత్తరాన మౌంట్ విల్సన్ ఉంది. ఎత్తు 5,700 అడుగులు. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హబుల్ నూరంగుళాల దూరదర్శినితో గెలాక్సీలు చూసి, విశ్వం వ్యాకోచిస్తోందని తేల్చింది ఆ కొండ మీదే. లాండ్స్‌బర్గ్ తన ట్రాన్స్‌మిటర్‌ని అక్కడ పెట్టించాడు. టీవీ తరంగాలు చూపులాగే తిన్నగా పోతాయి, అడ్డం వస్తే ఆగిపోతాయి. కాబట్టి ఎంత ఎత్తున నిలబడితే అంత దూరం కనబడతాం. తర్వాత వచ్చిన స్టేషన్లు కూడా అదే కొండెక్కాయి. ఇవాళ అక్కడ ఏంటెనాల అడవి ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ స్టేషను ఎందుకింత చురుగ్గా ఉండేదో అర్థం కాదు. 1951 సెప్టెంబరు దాకా అమెరికా తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య టీవీ లింకు లేదు. న్యూయార్క్‌లో జరిగేది లాస్ ఏంజెలెస్‌లో అప్పటికప్పుడు చూడటం కుదరదు. టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి తీసిన ఫిల్ము డబ్బాల్లో వచ్చేది. వచ్చేసరికి పాతబడేది, బొమ్మ కూడా మసకబారేది. ఊరి స్టేషనుకి ఇక మిగిలింది ఊరే. ఊళ్లో ఏం జరిగితే అక్కడికి బండి తోలుకుపోవాలి. పెద్ద చానెళ్ల దగ్గర ఉన్న డబ్బు వీళ్ల దగ్గర లేదు, ఊరు మాత్రం వీళ్లది. స్టేషను మొదలైన నెల తిరగకముందే, 1947 ఫిబ్రవరి 20న, పీకో వీధిలో లోహాలకు పూత పూసే కర్మాగారం పేలిపోయి 17 మంది చనిపోయారు. లాండ్స్‌బర్గ్ కెమెరా బండిని అక్కడికి పంపాడు. ప్రమాదస్థలం నుంచి అప్పటికప్పుడు టీవీలో చూపించడం అంతకుముందు దాదాపు ఎవరూ చేయని పని.

మొట్టమొదటి ఎమ్మీ ఓ బొమ్మలాడించే అమ్మాయికి

1949 జనవరి 25న హాలీవుడ్ అథ్లెటిక్ క్లబ్బులో టీవీ రంగానికి ఇచ్చే ఎమ్మీ అవార్డుల మొట్టమొదటి సభ జరిగింది. టికెట్టు అయిదు డాలర్లు. అవార్డులు మొత్తం ఆరే. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్ ప్రాంతపు కార్యక్రమాలకే అర్హత. చరిత్రలో మొదటి ఎమ్మీ అందుకున్నది షర్లీ డిన్స్‌డేల్ అనే అమ్మాయి. పెదవి కదపకుండా బొమ్మచేత మాట్లాడించడం ఆమె విద్య. బొమ్మ పేరు జూడీ స్ప్లింటర్స్. ప్రసారం చేసింది కె.టి.ఎల్.ఎ. బాగా జనాదరణ పొందిన కార్యక్రమంగా ఎంపికైన 'పాంటోమైమ్ క్విజ్' కూడా ఈ చానెల్‌దే. స్టేషను మొత్తం పనితీరుకి ఇచ్చే అవార్డు కూడా దీనికే వచ్చింది. ఆరింట్లో మూడు.

'ఎమ్మీ' అన్న పేరు ఎలా వచ్చిందో తెలిస్తే ముచ్చటేస్తుంది. ఆ రోజుల్లో టీవీ కెమెరాకి గుండెకాయ 'ఇమేజ్ ఆర్థికాన్' అనే గాజు గొట్టం. ఇంజనీర్లు దాన్ని ముద్దుగా 'ఇమ్మీ' అనేవాళ్లు. అవార్డు బొమ్మ స్త్రీ రూపంలో ఉంది కాబట్టి ఇమ్మీ కాస్తా ఎమ్మీ అయింది. ఈ గొట్టాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

తలపాగా కట్టిన 'ఢిల్లీ కుర్రాడు'

మనవాళ్లకి తప్పక చెప్పాల్సిన విశేషం ఇది. నన్ను ఈ స్టేషను చరిత్రలోకి లాగింది కూడా ఇదే.

1949 ఫిబ్రవరిలో ఈ చానెల్లో ఓ సంగీత కార్యక్రమం మొదలైంది. తెర మీద తెల్లటి తలపాగా. తలపాగా మధ్యలో మెరిసే రాయి. కింద పెద్ద పెద్ద కళ్లు. ఆ కళ్లు రెప్ప వేయడం మర్చిపోయినట్టు కెమెరాలోకే చూస్తుంటాయి. చేతులు మాత్రం ఆగవు. ఒకటి ఆర్గాన్ మీద, ఒకటి పియానో మీద. కార్యక్రమం మొత్తంలో ఒక్క మాట కూడా మాట్లాడడు. పేరు కోర్లా పండిట్. ఢిల్లీలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడనీ, తల్లి ఫ్రెంచి దేశస్థురాలనీ ప్రచారం. పగటిపూట ఇంట్లో ఉండే గృహిణులు ఆ కళ్లకి దాసోహమయ్యారు. 900 పైచిలుకు కార్యక్రమాలు చేశాడు. 'టైమ్ ఫర్ బీనీ' అని ఇదే చానెల్లో పిల్లల కోసం ఓ బొమ్మలాట వచ్చేది. దానికి నేపథ్య సంగీతం కూడా ఆయనే వాయించాడు.

1998లో ఆయన చనిపోయేదాకా, ఆ తర్వాత మూడేళ్ల దాకా కూడా లోకం ఆయన్ని భారతీయుడనే అనుకుంది. 2001లో లాస్ ఏంజెలెస్‌లోని ఓ పత్రిక నిజం బయటపెట్టింది. ఆయన అసలు పేరు జాన్ రోలండ్ రెడ్. పుట్టింది మిసోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్. నల్లజాతి అమెరికన్. ఢిల్లీతో ఏ సంబంధమూ లేదు.

దీన్ని మోసం అని కొట్టిపారేయడం నాకు చేతకాదు. అప్పటి అమెరికాలో నల్లజాతి సంగీతకారుడికి టీవీలో సొంత కార్యక్రమం దొరకడం కలలో మాట. కొన్ని హోటళ్లలో గది దొరకదు, కొన్ని పేటల్లో ఇల్లు దొరకదు. చర్మం రంగు మార్చుకోలేడు కాబట్టి దేశం మార్చుకున్నాడు. నెత్తిన తలపాగా చుట్టుకోగానే అదే రంగు 'ప్రాచ్య దేశపు సౌందర్యం' అయిపోయింది. సిక్కు తలపాగాతో బ్రాహ్మడేమిటని అడిగేవాళ్లు ఆ ఊళ్లో ఎవరున్నారు? నోరు విప్పితే యాస బయటపడుతుంది కాబట్టి మాట్లాడలేదని కొందరంటారు. కారణం ఏదైనా ఆ మౌనమే ఆయన ఆకర్షణ అయింది. అమెరికా టీవీలో సొంత కార్యక్రమం నడిపిన తొలి నల్లజాతీయుల్లో ఒకడు ఆయన. కానీ ఆ గౌరవాన్ని బతికుండగా తీసుకోలేకపోయాడు. పాత ఫిల్ముల్లో ఆ ముఖం చూస్తుంటే, నిజం తెలిశాక, ఆ చూపు వేరేగా కనిపిస్తుంది.

ఇరవయ్యేడున్నర గంటలు

బోరుబావిలో పిల్లలు పడ్డారన్న వార్త టీవీలో వస్తే మనం ఇంట్లో ఏ పనీ చేసుకోలేం. 2006లో హర్యానాలోని కురుక్షేత్ర దగ్గర హల్దాహేడీ అనే ఊళ్లో అయిదేళ్ల పిల్లాడు పడితే, దాదాపు 50 గంటల పాటు దేశమంతా టీవీలకి అతుక్కుపోయింది. సైన్యం పక్కనే గొయ్యి తవ్వి వాణ్ని ప్రాణాలతో పైకి తెచ్చింది. ఆ తర్వాత తెలుగు నేల మీదా ఇలాంటి రాత్రులు ఎన్నో గడిచాయి. కొన్నిసార్లు పిల్లలు దక్కారు. చాలాసార్లు దక్కలేదు. ఇలాంటి జాగారానికి మొదటి రాత్రి 1949లో లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ మరీనోలో గడిచింది.

ఏప్రిల్ 8, శుక్రవారం సాయంత్రం. కాథీ ఫిస్కస్ అనే మూడేళ్ల పాప అక్కతోనూ బంధువుల పిల్లాడితోనూ కలిసి ఖాళీ స్థలంలో ఆడుకుంటోంది. గడ్డిలో పాడుబడ్డ బావి గొట్టం ఒకటి ఉంది. 1903లో తవ్వింది. మూతి వెడల్పు 14 అంగుళాలు. పరిగెత్తుతున్న పిల్ల ఉన్నట్టుండి కనిపించలేదు. గొట్టం లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఆ బావిని తవ్వించిన నీళ్ల కంపెనీలోనే పాప తండ్రి ఉద్యోగి. పాత బావులన్నిటికీ సిమెంటు మూతలు వేయించాలని ఆయన కొద్దికాలం కిందటే చట్టసభ ముందు సాక్ష్యం చెప్పి వచ్చాడు. ఈ వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

సుమారు నూరడుగుల లోతున పాప ఇరుక్కుంది. బుల్‌డోజర్లు వచ్చాయి, క్రేన్లు వచ్చాయి. బావి పక్కనే ఇంకో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. మట్టి కూలుతోంది, నీరు ఊరుతోంది. హాలీవుడ్ స్టూడియోలు రాత్రి షూటింగులకి వాడే పెద్ద పెద్ద దీపాలు పంపాయి. గొట్టంలోకి దిగుతామంటూ సర్కసుల్లోని పొట్టివాళ్లు వచ్చారు, గుర్రప్పందేల్లో స్వారీ చేసే సన్నటి కుర్రాళ్లు వచ్చారు. చుట్టూ వేలమంది జనం.

కె.టి.ఎల్.ఎ. బండి అక్కడికి చేరింది. స్టాన్ చాంబర్స్, బిల్ వెల్ష్ అనే ఇద్దరు విలేకరులు మైకు పట్టుకున్నారు. చాంబర్స్‌కి అప్పటికి పాతికేళ్లు. ఏం మాట్లాడాలో రాసిచ్చిన కాగితం లేదు. ఇలా మాట్లాడిన వాళ్లు అంతకుముందు లేరు. కళ్లముందు కనిపించేదాన్ని చెప్పుకుంటూ పోయారు. ఎంతసేపు? ఇరవయ్యేడున్నర గంటలు, మధ్యలో ప్రకటనలు లేకుండా. టీవీ ఉన్న ఇళ్ల ముందు, టీవీలమ్మే దుకాణాల అద్దాల ముందు జనం గుంపులుగా నిలబడ్డారు. మనకి 1980ల్లో రామాయణం వేసే ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి అరుగు ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఆ దృశ్యాన్ని ఊహించుకోగలరు. కాకపోతే అక్కడ ఎవరూ చప్పుడు చేయడం లేదు.

ఆదివారం రాత్రి పాపని చేరుకున్నారు. అప్పటికే ప్రాణం లేదు. పడిన కొద్దిసేపటికే ఊపిరాడక పోయిందని వైద్యులు తేల్చారు.

ఒక ఊళ్లో ఒక కుటుంబానికి వచ్చిన కష్టాన్ని లక్షలమంది తమ కష్టంగా, అదే క్షణంలో అనుభవించడం అన్నది టీవీ వల్ల సాధ్యమవుతుందని ఆ రెండు రోజుల్లో తెలిసింది. ఆ వారాంతం తర్వాత లాస్ ఏంజెలెస్‌లో టీవీ ఓ వింత పెట్టె కాదు. పాత బావులు మూయించే చట్టాలు కూడా ఆ తర్వాతే చురుగ్గా వచ్చాయి.

బాంబుని చూసి కళ్లు తిరిగిన కెమెరా

నెవాడా ఎడారిలో అమెరికా అణుబాంబులు పరీక్షిస్తున్న రోజులు. 1952 ఏప్రిల్ 22న జరిగే పరీక్షకి అక్కడ తొలిసారిగా విలేకరులని పిలిచారు. టీవీలో చూపించాలంటే బొమ్మని పరీక్ష జరిగే యుక్కా ఫ్లాట్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి తేవాలి. దాదాపు 275 మైళ్లు. మధ్యలో ఎడారి, ఎడారిలో కొండలు. అంత తక్కువ వ్యవధిలో ఈ పని ఎవరివల్లా కాదన్నారు. లాండ్స్‌బర్గ్ అవుతుందన్నాడు.

పద్ధతి చెప్పడం సులువే. ఒక కొండ శిఖరం నుంచి చూస్తే ఇంకో కొండ శిఖరం కనబడాలి. ఒక్కో శిఖరం మీద మైక్రోవేవ్ పళ్లెం ఒకటి పెట్టి, ఇటు నుంచి అందుకున్న బొమ్మని అటు విసరాలి. అయితే ఆ శిఖరాలకి దారి ఉండదు, కరెంటు ఉండదు. జనరేటర్లూ పెట్టెలూ మెరైన్ దళం హెలికాప్టర్లలో పైకి చేరాయి. ఇంజనీర్లు చలిలో, గాలిలో అక్కడే పడుకుని పళ్లాలని గురిచూసి తిప్పారు. పళ్లెం కాస్త పక్కకి జరిగినా బొమ్మ ఉండదు.

ఉదయం తొమ్మిదిన్నరకి విమానం బాంబు వదిలింది. హిరోషిమా బాంబుకి రెట్టింపు శక్తి, 31 కిలోటన్నులు. దేశమంతా చూస్తోంది. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు కోసం ఎదురుచూస్తే తెర నల్లబడింది. మధ్యలో చిన్న తెల్లటి చుక్క. 'ఇమ్మీ' గొట్టం అంత వెలుగుని భరించలేకపోయింది. కాసేపటికి బొమ్మ తేరుకున్నాక మబ్బు పైకి లేస్తూ కనిపించింది.

ఇంజనీర్ల పట్టుదలకి మొక్కాల్సిందే. కానీ ఆ పొద్దున తెర మీద కనబడనిది కూడా ఉంది. ఆ పరీక్షల ధూళి గాలివాటున నెవాడా, యూటా పల్లెల మీద పడింది. ఏళ్ల తరబడి అక్కడివాళ్లు కేన్సర్లతో పోయారు. 1990లో గానీ వాళ్లకి పరిహారం ఇచ్చే చట్టం రాలేదు.

లాండ్స్‌బర్గ్ 1956లో కేన్సర్‌తోనే చనిపోయాడు. నలభై ఏళ్లు.

హెలికాప్టర్ బయట నిలబడ్డ మనిషి

ఆ పట్టుదల స్టేషనుని వదిలిపోలేదు. చీఫ్ ఇంజనీరు జాన్ సిల్వా ఓ రోజు కార్లు బారులు తీరిన రహదారి మీద కారు నడుపుతూ ఆలోచించాడు. కెమెరా బండి ఈ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వార్త దాటిపోతుంది. అదే ఆకాశంలో పోతే?

ఇవాళ డ్రోను ఎగరేసినంత తేలిక కాదు అప్పటి పని. కెమెరా, ట్రాన్స్‌మిటర్, ఏంటెనా అన్నీ కలిపితే ఓ బండెడు సామాను. చిన్న బెల్ హెలికాప్టర్ మోయాలంటే వాటి బరువు బాగా తగ్గించాలి. ఒక్కో భాగాన్నీ తేలిక లోహంతో మళ్లీ చేయించి మొత్తం 370 పౌండ్ల లోపుకి, అంటే 167 కిలోలకి తెచ్చాడు. పోటీ చానెళ్లకి తెలియకుండా గుట్టుగా చేశాడు.

1958 జూలై 3న పరీక్షకి ఎగిరారు. కింద స్టేషనువాళ్లు బొమ్మ రావడం లేదన్నారు. హెలికాప్టర్‌ని గాల్లో ఒకచోట నిలబెట్టమని పైలట్‌కి చెప్పి, సిల్వా తలుపు తీసుకుని బయటికి వెళ్లాడు. కింద ఉండే ఇనుప పట్టీ మీద కాళ్లు పెట్టి, పక్కనున్న పెట్టె మూత తీసి చూశాడు. వేడికీ అదురుకీ ట్రాన్స్‌మిటర్‌లోని వాల్వు పాడైపోయింది. దిగి, సరిచేసి, మర్నాడు మళ్లీ ఎగిరారు. జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. బొమ్మ వచ్చింది. ప్రపంచంలో మొదటి టీవీ వార్తా హెలికాప్టర్ అదే. దానికి 'టెలికాప్టర్' అని పేరు పెట్టారు.

అయిదేళ్లకి, 1963 డిసెంబరు 14 శనివారం, ఊళ్లోని బాల్డ్విన్ హిల్స్ జలాశయం గట్టుకి పగులు కనబడింది. పోలీసులు కింది ఇళ్లన్నీ ఖాళీ చేయిస్తున్నారు. టెలికాప్టర్ పైన తిరుగుతోంది. మధ్యాహ్నం మూడు గంటల 38 నిమిషాలకి గట్టు తెగింది. సన్నటి చీలిక చూస్తుండగానే లోయంత అయింది. నీళ్లు వీధుల్ని నదులు చేశాయి. ఇదంతా జనం ఇళ్లల్లో కూర్చుని, జరుగుతున్న క్షణంలోనే, ఆకాశం నుంచి చూశారు. 277 ఇళ్లు పోయాయి. ముందుగా ఖాళీ చేయించడంతో చావులు అయిదు దగ్గర ఆగాయి. 1965 ఆగస్టులో వాట్స్ పేట అల్లర్లలో తగలబడ్డప్పుడు కూడా ఆ పొగ మీద తిరిగింది ఈ టెలికాప్టరే.

తర్వాత అన్ని చానెళ్లూ హెలికాప్టర్లు కొన్నాయి. 1960లో సోవియట్ యూనియన్ మీద యూ-2 గూఢచారి విమానం నడుపుతూ పట్టుబడ్డ గ్యారీ పవర్స్ పేరు పాత తరంవాళ్లకి గుర్తుండే ఉంటుంది. క్షిపణి దెబ్బ నుంచీ సోవియట్ జైలు నుంచీ ప్రాణాలతో బయటపడ్డ ఆ మనిషి, 1977లో లాస్ ఏంజెలెస్‌లో మరో చానెల్ హెలికాప్టర్ నడుపుతూ, కార్చిచ్చు చిత్రీకరించి వస్తుండగా కూలి చనిపోయాడు.

బౌలింగ్ ఆటస్థలంలో స్టేషను

1950ల మధ్యలో స్టేషను సన్‌సెట్ బులవార్డ్ మీది కొత్త చోటికి మారింది. కొత్తదంటే స్టేషనుకి కొత్త. ఆ ఆవరణ అసలు వార్నర్ సోదరుల మొదటి స్టూడియో. తెర మీద మాటలు వినిపించి మూకీల యుగానికి తెరదించిన 1927 నాటి 'ది జాజ్ సింగర్' తీసింది అక్కడే. వార్నర్‌వాళ్లు వేరేచోటికి పోయాక, ఆ భవనంలో 52 వరసల బౌలింగ్ ఆటస్థలం నడిచింది. తర్వాత పారమౌంట్ కొంది, టీవీ వచ్చి చేరింది. సినిమాకి మాట వచ్చిన చోటే టీవీ వార్తలకి రెక్కలొచ్చాయి.

ధర విషయంలోనూ ఈ చానెల్‌ది రికార్డే. 1964లో దీన్ని కౌబాయ్ పాటల సినిమా హీరో జీన్ ఆట్రీ సంస్థ కోటీ 20 లక్షల డాలర్లకి కొంది. 1983లో 24 కోట్ల 50 లక్షలకి అమ్మింది. రెండేళ్లు తిరిగేసరికి ట్రిబ్యూన్ సంస్థ 51 కోట్లు పెట్టి కొంది. ఒక్క టీవీ స్టేషనుకి అప్పటిదాకా ఎవరూ అంత పెట్టలేదు. ఇరవయ్యొక్క ఏళ్లలో నలభై రెండు రెట్లు. దేశంలో రెండో పెద్ద టీవీ మార్కెట్ లాస్ ఏంజెలెస్. మామూలు ఏంటెనాకి అందే చానెల్ నంబర్లు ఒక ఊరికి కొన్నే ఉంటాయి, కొత్తవి పుట్టించడానికి వీల్లేదు. నడిబజారులో స్థలంలాంటిదన్న మాట, అయిదో నంబరు.

ఓ ప్లంబరు తెచ్చిన టేపు

1991 మార్చి 3, అర్ధరాత్రి దాటాక. జార్జ్ హాలిడే అనే ప్లంబరుకి హెలికాప్టర్ చప్పుడుకి మెలకువ వచ్చింది. బాల్కనీలోకి వచ్చి చూస్తే, రోడ్డు మీద పోలీసులు ఓ నల్లజాతి మనిషిని లాఠీలతో కొడుతున్నారు. చేతికందిన కొత్త వీడియో కెమెరాతో తీశాడు. అదే టేపు మొదట్లో, ఆయన అంతకుముందు సరదాగా తీసిన 'టెర్మినేటర్ 2' షూటింగు దృశ్యాలు ఉన్నాయి. పోలీస్ స్టేషనుకి ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. సోమవారం టేపు పట్టుకుని తనకి తెలిసిన ఊరి చానెల్‌కి వెళ్లాడు. కె.టి.ఎల్.ఎ. 500 డాలర్లిచ్చి తీసుకుంది. ఆ రాత్రే ప్రసారం చేసింది. కథనం స్టాన్ చాంబర్స్‌ది. అవును, 1949లో బావి గట్టున నిలబడ్డ ఆ కుర్రాడే. ఇప్పుడు అరవై ఏడేళ్లు.

దెబ్బలు తిన్న మనిషి రాడ్నీ కింగ్ అని ప్రపంచమంతా తెలిసింది. పోలీసులు నిర్దోషులని 1992 ఏప్రిల్ 29న తీర్పు రాగానే ఊరు తగలబడింది. 60 మందికి పైగా చనిపోయారు. ఈ ప్రసారానికి స్టేషనుకి ప్రసార రంగంలో ఇచ్చే పీబడీ అవార్డు వచ్చింది. మామూలు పౌరుడి చేతిలోని కెమెరా ప్రభుత్వాన్ని నిలదీయగలదని లోకానికి మొదట చూపించిన టేపు అది. ఇప్పుడు మన సెల్‌ఫోన్లలో రోజూ జరిగేది దాని కొనసాగింపే.

అరవై మూడేళ్ల మైకు

ఈ చానెల్లో వార్తలు చదివిన హాల్ ఫిష్‌మన్ లాస్ ఏంజెలెస్ టీవీలో 47 ఏళ్లు కనిపించాడు. రాజనీతి శాస్త్రం బోధించిన ఆచార్యుడు, విమానం నడపడంలో ప్రపంచ రికార్డులున్నవాడు. 2007లో చివరి బులెటిన్ చదివిన వారం రోజులకే కన్నుమూశాడు.

చాంబర్స్ ఆయన్ని కూడా దాటాడు. 1947 డిసెంబరులో చేరాడు. 2010 ఆగస్టు 11న, తన 87వ పుట్టినరోజు నాడు పదవీ విరమణ చేశాడు. ఒకే స్టేషనులో 63 ఏళ్లు, 22 వేలకు పైగా వార్తాకథనాలు. పెద్ద చానెళ్లు పిలిచే స్థాయి ఉన్నా ఊరు వదల్లేదు. భూకంపాలు, కార్చిచ్చులు, వరదలు, గులాబీ పూల ఊరేగింపులు, అన్నిటికీ అదే మైకు. బావి గట్టున ఆ రెండు రాత్రుల గురించి జీవితమంతా జనం ఆయన్ని అడుగుతూనే ఉన్నారు, ఆయన చెబుతూనే ఉన్నాడు. 2015లో పోయాడు. ఆయన మనవడు జేమీ చాంబర్స్ కూడా అదే అయిదో నంబరు చానెల్లో విలేకరి అయ్యాడు. కొంతకాలం తాతా మనవడూ ఒకే స్టేషను నుంచి ఒకే ఊరి వార్తలు చెప్పారు.